ఎర్రయ్య భుజం మీది చెయ్యి

ఆ గురువారం ఉదయం ఎర్రయ్య పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. టిఫిన్ తిని, ఆటో ఎక్కి, వ్యాపార్ విహార్‌లోని ఫ్లెక్సీ దుకాణంలో ఒక ఫొటో ఇచ్చి, దారిలో అరకిలో బెండకాయలు కొనుక్కుని పదకొండుకల్లా ఇంట్లో ఉండాలి. ముప్పై ఎనిమిదేళ్ళు లోకో షెడ్డులో పనిచేసి రిటైరైన మనిషికి ఇంతకంటే పెద్ద పనులు ఉండవు. ఉన్నా భార్య లక్ష్మీనరసమ్మ ఆయనకు అప్పగించదు.

ఫొటో అవసరం ఆదివారం జరగబోయే సన్మానం వల్ల వచ్చింది. రైల్వే కాలనీ తెలుగు సంఘంవారు ఏటా ఒక పాత ఉద్యోగిని సతీసమేతంగా సన్మానిస్తారు. ఈ ఏడు వంతు ఎర్రయ్యది. కార్యదర్శి చంద్రమౌళి రిటైర్డ్ ఆఫీసు సూపరింటెండెంటు. ఆయన ఈసారి కాలనీ గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టాలనీ, అందులో ఎర్రయ్య పడుచుదనపు ఫొటో ఉండాలనీ తీర్మానం చేయించాడు. "ఇప్పటి మొహం రోజూ చూస్తున్నదే కదండీ, ఎర్రయ్యగారూ," అని కారణం కూడా చెప్పాడు.

ఎర్రయ్య దగ్గర పడుచుదనపు ఫొటో ఒక్కటే ఉంది. ఒక్కటి అనడం కూడా ఎక్కువే, సగం ఉంది. నలభై మూడేళ్ళుగా సర్వీసు కాయితాల మధ్య ఎవరి కంటా పడకుండా పడుకున్న ఆ ముక్కని తీసి దుమ్ము దులిపాడు. తెలిపారా వీధి స్టూడియోలో తీసిన నలుపు తెలుపు ఫొటో. స్టూడియోవాడి కోటు తొడుక్కుని, బల్ల మీద నిటారుగా కూర్చున్న ఇరవైరెండేళ్ళ ఎర్రయ్య. ఒక పక్క అంచు కత్తెరతో కోసేసి ఉంది. ఆ కోతలో అతని ఎడమ చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది. దానికి బదులా అన్నట్టు, మెడ వెనకనుంచి వచ్చిన ఇంకెవరిదో చెయ్యి అతని కుడి భుజం మీద వాలి ఉంది. సన్నటి వేళ్ళు. మణికట్టుకి ఒక రాగి కంకణం.

ఫ్లెక్సీ దుకాణం రాంప్రసాద్ ఫొటోని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దాదా, యే హాథ్ హటా దూఁ?" అన్నాడు, చెయ్యి తీసెయ్యనా అని.

ఎర్రయ్య ఉలిక్కిపడ్డాడు. "నహీ! ఉస్ హాథ్ కో హాథ్ మత్ లగానా!"

ఆ చేతి మీద చెయ్యి వెయ్యొద్దని అంత గట్టిగా ఎందుకన్నాడో తనకే తెలియలేదు. రాంప్రసాద్ ముసలాయన మొహం చూశాడు, కంకణం చూశాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో పొద్దుటినుంచి సాయంత్రం దాకా జంటల ఫ్లెక్సీలు వేసి వేసి, మనుషుల మనసులు చదవడం నేర్చాననుకునే రకం. "సమఝ్ గయా, దాదా," అని కన్ను గీటాడు. అతనికి ఏం అర్థమైందో ఎర్రయ్యకి అర్థం కాలేదు. ఫొటో అక్కడే వదిలి, బెండకాయలు కొనుక్కుని, పదకొండుకి పది నిమిషాల ముందే ఇల్లు చేరాడు.

శనివారం పొద్దున్న కాలనీ గేటుకి పన్నెండడుగుల ఫ్లెక్సీ లేచింది. రాంప్రసాద్ మనసుపెట్టి పనిచేశాడు. ఫొటోకి రంగులద్దాడు. వెనకున్న స్టూడియో తెర తీసేసి కాశ్మీరు లోయ పెట్టాడు. కోటుని మెరూన్ చేశాడు. తెగిపోయిన ఎడమ చేతిని చూసి జాలిపడి అక్కడొక గులాబీల గుత్తి తగిలించాడు. చేతి మీద చెయ్యి వెయ్యొద్దన్నాడు కదా, దాన్ని తీసెయ్యలేదు, అలంకరించాడు. చెయ్యి పాలమీగడలా తెల్లబడింది. రాగి కంకణం రెండు బంగారు గాజులైంది. గోళ్ళకి ఎర్రరంగు పడింది. తెలుగు రాని రాంప్రసాద్, సంఘంవాళ్ళు రాసిచ్చిన అక్షరాలని సరిగ్గా ఆ చేతి కింద అచ్చువేశాడు: "శ్రీ ఎర్రయ్య దంపతులకు హార్దిక స్వాగతం."

దాన్ని మొదట చూసింది ఎర్రయ్య మనవరాలు భానుప్రియ. కోర్బాలో ఉన్న తల్లిదండ్రులని వదిలి, ఇక్కడ తాత దగ్గరుండి కాలేజీకి వెళ్ళే పిల్ల. తెలుగు మాట్లాడుతుందిగానీ చదవాలంటే కూడబలుక్కోవాలి. "వావ్, దాదీకా హాథ్!" అని, అది నానమ్మ చెయ్యే అనుకుని, ఫొటో తీసి, చుట్టాలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది.

రెండోది లక్ష్మీనరసమ్మ. బుధవారీ బజారునుంచి కూరగాయల సంచితో వస్తూ గేటు దగ్గర ఆగింది. ఫ్లెక్సీని ఒకసారి కింద నుంచి పైకి చూసింది. తన చెయ్యి చాచి చూసుకుంది. ఈ జన్మలో ఆ చేతికి గోళ్ళరంగు తగల్లేదు. చుట్టూ చేరిన ఆడవాళ్ళెవరూ ఏమీ అనలేదు. అదే ఆమెకి ఎక్కువ బాధనిపించింది.

ఇంట్లో ఎర్రయ్య పేపరు చదువుకుంటున్నాడు. కాఫీ గ్లాసు ఆయనకి మూడడుగుల దూరంలో నేలమీద ఠక్కున వాలింది.

"ఏటయినాదే?" అన్నాడు.

"నాకేటవుద్ది? గేటుకాడికెల్లి సూసుకో. ఆ సెయ్యీ నువ్వూ దంపతులంట!"

ఎర్రయ్య చెప్పులు కూడా వేసుకోకుండా గేటుదాకా వెళ్ళి, నోరు తెరుచుకుని నిలబడి, తిరిగొచ్చేసరికి ఇంట్లో ఫోను మోగుతోంది. బొబ్బిలినుంచి లక్ష్మీనరసమ్మ తమ్ముడు పైడిరాజు. స్పీకరు పెట్టకపోయినా వీధిదాకా వినిపిస్తోంది.

"అక్కా! బావ భుజం మీద సెయ్యేసింది ఎవుత్తె? నువ్వేటీ బెంగెట్టుకోకు. నలుగురు పెద్దమనుసుల్ని తీసుకుని మద్దేన్నం బండెక్కేస్తన్నాను. అక్కడే తేల్చీసుకుందుం!"

ఫోను పెట్టేలోపు చంద్రమౌళి వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండా, నిలబడే గొంతు సవరించుకున్నాడు. "ఎర్రయ్యగారూ, వ్యక్తిగత విషయాల్లో సంఘం జోక్యం చేసుకోదు. కాకపోతే మన నిబంధనావళిలో 'సతీసమేతంగా' అని స్పష్టంగా ఉంది. కాబట్టి రేపు సాయంత్రంలోగా సతి ఎవరన్నది తేలాలి."

"సతి ఎవులేటండీ? ఇదిగో, మీ ఎదురుగా ఉన్నాది!"

"మరి ఆ చెయ్యి?"

"అది మగోడి సెయ్యి!" అని అరిచాడు ఎర్రయ్య.

చంద్రమౌళి గేటు వైపు, ఎర్రగోళ్ళ వైపు చూశాడు. తరవాత జేబురుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకుని, "సాయంత్రంలోగా," అని మరోసారి చెప్పి వెళ్ళిపోయాడు.

"మగోడిదా?" అంది లక్ష్మీనరసమ్మ. "ఎవులాడు? పేరేటి?"

ఎర్రయ్య నోరు విప్పి, మళ్ళీ మూసుకున్నాడు. ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తనని నలభై మూడేళ్ళ కిందట తనకు తాను ఒట్టు పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో గుర్తున్నా, ఇంకా ఎందుకు పాటిస్తున్నాడో సరిగ్గా చెప్పలేడు. ఆ ఆలస్యం ఆవిడకి చాలు.

"అలగయితే ఒక మాటిను. ఆ సెయ్యి ఎవులిదో ఆ మనిషిని తీసుకురా. ఆ మనిషి నా ఎదురుగా నిలబడి, అవును ఇది నా సెయ్యే అనాల. అప్పుడే నేను స్టేజీ ఎక్కుతాను. లేదంటే రేపు నీ సన్మానం నువ్వే, నీ గులాబీలే."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. లోపల గిన్నెల చప్పుడు కూడా లేకపోయేసరికి ఎర్రయ్యకి నిజంగా భయం వేసింది. కాపురానికొచ్చాక ఆవిడ కోపం ఎప్పుడూ చప్పుడుతోనే ఉండేది. సన్మానం పోతే పోయింది, ఈ మనిషి మాట్లాడడం మానేస్తే ఎలా అనుకున్నాడు. చెప్పులు వేసుకుని, భానుప్రియని వెంటబెట్టుకుని, ఊరి చివరున్న తిఫ్రాకి ఆటో మాట్లాడాడు.

ఆటోలో భానుప్రియ తాత చెయ్యి పట్టుకుంది. ఆలోచించి ఆలోచించి మెల్లిగా అంది: "తాతయ్యా, ఆయన మీకు బహుత్ ఖాస్ ఆ, అంత దగ్గరివాడా? సచ్ బోలో, నిజం చెప్పండి. నాకు చెప్పొచ్చు. నేను జడ్జ్ చెయ్యను."

"జడ్జి ఎందుకే గుంటా? కోర్టుదాకా ఎల్లలేదు మేం."

"అది కాదు తాతయ్యా. భుజం మీద చెయ్యి, అలా దగ్గరగా కూర్చుని..."

"ఓస్, అదా! అప్పుడందరూ అలగే తీయించుకునీవోళ్ళే. ఒకడి తొడ మీద ఒకడు కూకునీవోడు. చిటికెనవేళ్ళు ముడేసుకునీవోళ్ళు. దూరంగా కూకుంటే స్టూడియోవోడే ఊరుకోడు. 'క్యా భాయ్, ఝగడా హువా హై?' అనీవోడు, దెబ్బలాడుకున్నారేటని." ఎర్రయ్య బయటికి చూశాడు. "ఆడికీ నాకూ ఒకే రోజు షెడ్డులో ఉద్యోగం. ఒకే గది, ఒకే కుంపటి. మొదటి జీతం నాడు ఎల్లాం. స్టూడియోలో ఒక్కటే కోటుంది. నా చొక్కాకి గ్రీజు మరకుందని కోటు నాకిచ్చీసి, ఆడు ఉత్తి చొక్కాతోటే కూకున్నాడు. మంచి చొక్కా కూడా కాదది."

"మరి ఫొటో ఎవరు కట్ చేశారు?"

"మా అమ్మ. నాకు సంబంధం చూస్తన్నారు. విడిగా ఫొటో లేదు. అమ్మ కత్తిరేసి, పారీడానికి మనసొప్పక రెండు ముక్కలూ ఒకే కాయితంలో చుట్టి, మా చిన్నాన్న చేత బొబ్బిలి పంపింది. చిన్నాన్నకి రెండు కళ్ళకీ పొరలు. వొచ్చినప్పుడు నా ముక్క ఒక్కటే తెచ్చినాడు, రెండోది ఎక్కడో జారిపోనాదన్నాడు. నేను ఉన్న ముక్కనే గదిలో అద్దానికి అంటించినాను. ఆడు డ్యూటీ నుంచి వొచ్చి సూసినాడు. 'నన్ను కోసీసినావురా' అన్నాడు. అంతే, ట్రంకుపెట్టె తీసుకుని ఎల్లిపోనాడు. మరి నా పెళ్ళికి కూడా రాలేదు."

"మీరు చెప్పలేదా, అమ్మ చేసిందని?"

"ఆడు అడగలేదు."

భానుప్రియ నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ తరవాత ఆ మనిషి రాయగఢ్‌కి ట్రాన్స్‌ఫర్ పెట్టించుకోవడం, రిటైరయ్యాక తిఫ్రాలో ఇల్లు కట్టుకోవడం, ఏటా నవంబరులో పెన్షన్ సర్టిఫికెట్టు కోసం బ్యాంకుకి ఇద్దరూ వచ్చి చెరో గోడవైపు తిరిగి నిలబడడం, అన్నీ చెప్పేసరికి ఆటో ఆగింది.

ఆ మనిషి పేరు సింహాచలం. వరండాలో కూర్చుని ఉన్నాడు. ఎర్రయ్యని చూసి లేవలేదు. "ఎవులు కావాల?" అన్నాడు, ఎవరో తెలియనట్టు.

"నీ కుడి సెయ్యి," అన్నాడు ఎర్రయ్య.

"ఆలీసమైపోనాది. పది రోజుల కిందటే ఇరిగిపోనాది."

నిజమే. మోచేతి పైనుంచి వేళ్ళ దాకా తెల్లటి పట్టీతో కుడి చెయ్యి మెడకి వేళ్ళాడుతోంది. నీళ్ళట్యాంకు మూత పెట్టబోయి నిచ్చెన మీంచి జారాడట. ఆస్పత్రిలో రాగి కంకణాన్ని కత్తిరించి తీసేశారట. ఎర్రయ్య అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. ఉన్న ఒక్క సాక్ష్యమూ పట్టీలో ఉంది.

లోపలినుంచి సింహాచలం భార్య అసిరమ్మ నీళ్ళు తెచ్చింది. వచ్చిన మనిషిని ఎగాదిగా చూసింది. "మీరు ఎర్రయ్యగారు కాదేటి? సూడకపోయినా పోల్చీసినాను. నలభై ఏళ్ళుగా ఈయన మిమ్మల్ని తిట్టని రోజు లేదు. పండగ పూట కూడా తిట్టీసే అన్నం తింటాడు."

"నువ్వు లోపలికెల్లు," అన్నాడు సింహాచలం. ఆవిడ వెళ్ళలేదు.

భానుప్రియ తన ఫోనులోని ఫ్లెక్సీ చూపించి, జరిగిందంతా సగం తెలుగులో సగం హిందీలో చెప్పింది. ఎర్రగోళ్ళు చూసి సింహాచలం ఒళ్ళు మండిపోయింది. "షెడ్డులో ముప్పై ఆరేళ్ళు స్పానరు పట్టిన సెయ్యిరా ఇది! దీనికి గాజులేస్తావా?"

"నేనెయ్యలేదు, ఫ్లెక్సీవోడు."

"కోసింది?"

"మా అమ్మ."

సింహాచలం అప్పుడు లేచి నిలబడ్డాడు. "అమ్మా?" అన్నాడు. "ఆ ముక్క అప్పుడే చెప్పలేకపోనావా?"

"నువ్వు అడిగితే కదా."

"నేనెందుకడుగుతాను? కోసింది నువ్వనుకుంటే!"

"మరి పెళ్ళికెందుకు రాలేదు? తాళి కట్టీ ముందు కూడా గుమ్మం వైపే సూసినాను, తెల్సా? పంతులు రెండుసార్లు కసిరినాడు."

ఇద్దరూ కాసేపు గట్టిగా తిట్టుకున్నారు. నలభై మూడేళ్ళ బాకీ కాబట్టి తొందరగా తెమల్లేదు. అసిరమ్మ మధ్యలో రెండుసార్లు టీ ఇచ్చింది. మూడోసారి టీ బదులు ఉతికిన చొక్కా తెచ్చి మొగుడి భుజాన వేసింది. "మాటలు ఆటోలో మాటాడుకోండి. అక్కడ ఆ తల్లి తిండి మానేసి కూకుందంట."

"నేనేటి మొహం పెట్టుకుని రాను? ఆ ఫొటోలో నా మొహమే లేదు గదా," అంటూనే సింహాచలం ఎడమ చెయ్యి చొక్కాలో దూర్చాడు. పట్టీ చెయ్యి దూరలేదు. ఎర్రయ్య లేచి, ఆ చొక్కాని కుడి భుజం మీదుగా కప్పి, రెండు గుండీలు పెట్టాడు.

దారిలో దుకాణం దగ్గర ఆగి అసలు ఫొటో ముక్క తీసుకున్నారు. రాంప్రసాద్ "చెయ్యి బాగా వచ్చింది కదా, దాదా?" అని సంతోషంగా అడిగాడు. ఆ చేతి యజమాని చూసిన చూపుకి రాంప్రసాద్ కౌంటరు వెనక్కి జరిగాడు.

ఇంటికి చేరేసరికి సాయంత్రం నాలుగైంది. లక్ష్మీనరసమ్మ నడుముకి కొంగు బిగించి గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఇదిగో, వీడే. పేరు సింహాచలం," అన్నాడు ఎర్రయ్య గెలిచినవాడిలా. "పట్టీ విప్పాక సెయ్యి కూడా సూపిస్తాడు. అడుగు, ఏటడుగుతావో!"

ఆవిడ ఒకడుగు ముందుకి వేసింది. సింహాచలం మొహం చూస్తూ అలాగే ఉండిపోయింది. తెల్లబడిన జుట్టు, ఊడిన పన్ను, పెద్ద చెవులు, అన్నీ ఒకటికి రెండుసార్లు చూసింది. తరవాత నడుముకి బిగించిన కొంగు విప్పి, తల మీదికి లాక్కుని, గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

"ఏటిరా, నమ్మలేదా?" అన్నాడు సింహాచలం గుసగుసగా.

లోపల ట్రంకుపెట్టె మూత తెరిచిన చప్పుడైంది. ఆవిడ బయటికి వచ్చి, చేతిలోని పాత కవరులోంచి ఒక ఫొటో ముక్క తీసి బల్ల మీద పెట్టింది. ఎర్రయ్య తన ముక్కని దాని పక్కకి జరిపాడు. కోత అంచులు అతుక్కున్నాయి. స్టూడియో తెర మీద సగం సగంగా తెగిన చందమామ నిండుగా అయ్యాడు. కోటులో ఎర్రయ్య, ఉత్తి చొక్కాలో సింహాచలం, ఒకరి మీద ఒకరు వాలి నవ్వుతున్నారు.

"ఇది... ఇది నీ కాడెందుకున్నాది?" అన్నాడు ఎర్రయ్య.

"మీ చిన్నాన్న పెళ్ళికొడుకు ఫొటో అని ఇచ్చింది ఇదే."

సింహాచలం వంగి తన పాత మొహాన్ని దగ్గరగా చూసుకున్నాడు.

"సెలవు దొరకలేదని పెళ్ళిచూపులకి నువ్వు రాలేదు కదా. మా నాన్న మొహం సూళ్ళేదు, రైల్వే ఉద్యోగం సూసినాడు. నేను ఈ ఫొటో సూసి తలూపినాను. పీటల మీద తెర దించీసరికి ఎదురుగా వేరే మనిషి!"

"దాదీ!" అంది భానుప్రియ. "అప్పుడు చెప్పలేదా ఎవరికీ?"

"ఏటి చెప్తానే? అప్పటికే జీలకర్ర బెల్లం నెత్తిన పెట్టీసినాం." ఆవిడ కుర్చీలో కూర్చుంది. "లేచిపోదునా అనుకున్నాను. ఇంతట్లో తలంబ్రాలకి రెండు సేతులూ ఎత్తినాడు మీ తాత. ఎడం సేతి చిటికెనవేలు సూసినాను. వొంకర."

ఆవిడ తన ముక్క మీద వేలు పెట్టి చూపించింది. సింహాచలం మోకాలి మీద, అతని ఎడమ చేతిలో, కోటు తొడిగిన ఇంకో చెయ్యి భద్రంగా ఉంది. దాని చిటికెనవేలు కొక్కెంలా వంగి ఉంది.

"రెండు నెల్లు రోజూ ఈ ఫొటో సూసినాను కదా, ఆ వేలు నాకు బాగా తెలుసు. ఫొటోలో ఉన్న మనిషినే చేసుకున్నాను గదా, మొహం కాపోతే సెయ్యి అనుకుని ఊరుకున్నాను."

ఫొటోలోని చేతి మనిషిని వెతుక్కుంటూ వెళ్ళినవాడికి తన చెయ్యే దొరికింది. ఎర్రయ్య తన వంకర వేలిని మడిచి, చాచి చూసుకున్నాడు. అది ఒక నిమిషం. రెండో నిమిషంలో ఆయనకి ఇంకో సంగతి తట్టింది.

"అంటే, నువ్వు ఒప్పుకున్నది ఈడినా?"

"ఫొటోకి ఒప్పుకున్నాను."

"నలభై మూడేళ్ళు ఈడి ఫొటో ట్రంకుపెట్టెలో దాసినావా? ఎవులిదో సెయ్యుందని నన్ను పొద్దున్నుంచీ ఎండలో తిప్పినావే, నీ పెట్టెలో ఏకంగా మొహమే ఉన్నాదే!"

"అందులో నీ సెయ్యుంది గనక దాసినాను."

"ఆ మాట అలగుంచు. ఇద్దర్నీ ఎదురుగా పెట్టుకున్నావు కదా. చెప్పు, ఎవులు బాగున్నారు?"

లక్ష్మీనరసమ్మ ఇద్దరినీ తీరిగ్గా చూసింది. "అప్పుడా? ఇప్పుడా?"

సింహాచలం ఎడమ చేత్తో జుట్టు సర్దుకోవడం ఎర్రయ్య కంట పడింది. ఆయన అలిగి వీధి అరుగు మీద కూర్చున్నాడు. ఆవిడ ఆయన్ని బతిమాలే ముందు పైడిరాజుకి ఫోను చేసింది. "ఎందాకా వొచ్చినావు? రాయగడా? ఇంకా బొబ్బిలి దాపునే ఉన్నావు గదా. అక్కడే దిగిపోయి తిరుగు బండెక్కీ. పెద్దమనుసులకి టిఫినీ పెట్టించు." తరవాత చంద్రమౌళికి ఫోను చేసి, సతి తేలిందని చెప్పింది. ఆఖరికి రెండు గ్లాసుల కాఫీ పట్టుకుని అరుగు మీదికి వెళ్ళింది. ఈసారి గ్లాసు నేల మీద పెట్టలేదు.

సింహాచలం ఆ పూట అక్కడే భోంచేశాడు. కుడి చెయ్యి పనిచెయ్యదు కాబట్టి ముద్దలు కలిపి పెట్టాల్సొచ్చింది. అలక పూర్తిగా తీరకపోయినా ఆ పని ఎర్రయ్యే చేశాడు, ఇంకెవరినీ చెయ్యనివ్వలేదు.

ఆదివారం ఉదయానికి గేటుకి కొత్త ఫ్లెక్సీ వచ్చింది. భానుప్రియ పక్కన కూర్చుని, రాంప్రసాద్ చేత ఒక్క గోరు కూడా ముట్టనివ్వకుండా, రెండు ముక్కలూ కలిపి ఉన్నదున్నట్టు అచ్చువేయించింది. మధ్యలో కత్తెర గీత కనిపిస్తూనే ఉంది. సాయంత్రం సభలో చంద్రమౌళి, సంఘం చరిత్రలో మొదటిసారి ఒక సన్మానానికి ఇద్దరు సన్మానితులని, ఇది ముందే అనుకున్నదేనని ప్రకటించాడు. అసిరమ్మ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఎర్రయ్యకి కప్పిన శాలువా జారిపోతే సింహాచలం ఎడమ చేత్తో సర్దాడు.

ఆఖర్న ఫొటోగ్రాఫరు మూడు కుర్చీలు వేయించి, లక్ష్మీనరసమ్మని మధ్యలో, చెరో పక్కా మగవాళ్ళిద్దరినీ కూర్చోమన్నాడు. స్నేహం స్నేహమేగానీ అని, మధ్య కుర్చీలో ఎర్రయ్యే కూర్చున్నాడు.